ఉక్కు పట్నంలో హైడ్రోజన్ లెక్కలు

భిలాయ్ అనగానే మనకు రైలు పట్టాలు గుర్తుకొస్తాయి. దేశంలో ఏ మూలకు రైల్లో వెళ్లినా, దారిలో ఎక్కడో ఒకచోట భిలాయ్ పట్టా మీదుగా వెళ్లక తప్పదు. సోవియట్ యూనియన్ సహాయంతో కట్టిన ఈ కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ కొలిమిని 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పట్లో ఆ ప్రాంతం మధ్యప్రదేశ్‌లో ఉండేది. 2000 నవంబర్ 1 నుంచి ఛత్తీస్‌గఢ్‌లో ఉంది. పని కోసం వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు మనం మాట్లాడుకోబోయేది మాత్రం పట్టాల గురించి కాదు. ఉక్కు కర్మాగారంలో తలెత్తి చూస్తే కనిపించే లావుపాటి గొట్టాల గురించి. ఒక్కొక్కటి మనిషి నిలబడి నడవగలిగేంత వెడల్పుతో, ఎత్తయిన స్తంభాల మీద ఒక విభాగం నుంచి మరో విభాగానికి సాగిపోతుంటాయి. వాటిలో పారేది నీరు కాదు, వాయువు. వాటిలో కొన్నింటి గుండా వెళ్లే వాయువులో సగానికి పైగా హైడ్రోజనే!

సహజవాయువు గొట్టాల్లో కొంత హైడ్రోజన్ కలిపి పంపితే ఎలా ఉంటుందన్న ప్రశ్న ఇటీవలి సంవత్సరాల్లో ప్రపంచమంతటా చర్చకు వచ్చింది. మన దేశంలోనూ ప్రయోగాలు మొదలయ్యాయి. ఈ ఆలోచనలో బలమెంత, బలహీనత ఎంత అన్నది తెలుసుకోవడానికి భిలాయ్ కంటే మంచి చోటు దొరకడం కష్టం.

బొగ్గులోంచి వచ్చిన వాయువు

ఇనుప ఖనిజాన్ని కరిగించడానికి కోక్ కావాలి. నేలబొగ్గును గాలి తగలకుండా మూసిన గదుల్లో సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్‌కు పైగా గంటల తరబడి కాల్చితే కోక్ మిగులుతుంది. ఆ గదులనే కోక్ ఓవెన్లు అంటారు. బొగ్గు వేడెక్కేటప్పుడు దానిలోంచి తారు, అమోనియా, బెంజీన్ ఆవిరులతో పాటు ఒక వాయువు కూడా బయటికి వస్తుంది. తారు మొదలైనవాటిని వేరు చేశాక మిగిలేదే కోక్ ఓవెన్ గ్యాస్. ఒక టన్ను బొగ్గు నుంచి సుమారు 300 ఘనమీటర్లు దొరుకుతుంది.

ఈ వాయువులో ఏమేమి ఉంటాయి? హైడ్రోజన్ 55 నుంచి 60 శాతం, మీథేన్ 25 శాతం దాకా, కార్బన్ మోనాక్సైడ్ 5 నుంచి 8 శాతం, మిగిలింది నైట్రోజన్, కార్బన్ డయాక్సైడ్ వగైరా. సహజవాయువు అంటే ముఖ్యంగా మీథేనే కదా. అంటే హైడ్రోజన్, మీథేన్‌ల మిశ్రమాన్ని గొట్టాల్లో పంపి మండించడం భిలాయ్‌కు 1959 నుంచీ అలవాటైన పనే. విశాఖ ఉక్కు కర్మాగారంలోనూ ఇదే సంగతి.

వాయువులను కలపడం కూడా అక్కడ కొత్త కాదు. బ్లాస్ట్ కొలిమి పైనుంచి వచ్చే వాయువు చాలా బలహీనమైనది. ఘనమీటరుకు 800 కిలో కేలరీలు కూడా ఇవ్వదు. కోక్ ఓవెన్ గ్యాస్ 4,000కు పైగా ఇస్తుంది. కొలిమికి ఘనమీటరుకు 2,000 కిలో కేలరీలిచ్చే వాయువు కావాలనుకోండి. మొదటి రకం 800, రెండో రకం 4,200 అనుకుంటే ఎంతెంత కలపాలి? లెక్క వేసి చూడండి. రెండో రకం మూడో వంతు కంటే కాస్త ఎక్కువ కావాలని తేలుతుంది. ఉక్కు కర్మాగారంలో వాయువుల మిశ్రమ కేంద్రం అనుక్షణం ఇలాంటి లెక్కలే వేస్తుంటుంది.

ఆ మాటకొస్తే పాతకాలపు నగరాలకు కూడా ఇది తెలిసిన సంగతే. 1857లో కలకత్తా వీధుల్లో వెలిగిన గ్యాసు దీపాలు బొగ్గు నుంచి తీసిన వాయువుతో వెలిగినవే. ఉత్తర సముద్రంలో సహజవాయువు దొరికేదాకా బ్రిటన్ వంటిళ్లలో మండిందీ అలాంటి వాయువే. 1967 నుంచి 1977 దాకా పదేళ్లపాటు ఇల్లిల్లూ తిరిగి పొయ్యిల బర్నర్లు మార్చి, ఆ దేశం సహజవాయువుకు మారింది. హాంకాంగ్‌లో ఇళ్లకు సరఫరా అయ్యే వాయువులో నేటికీ దాదాపు సగం హైడ్రోజనే.

మళ్లీ ఇప్పుడెందుకు?

మీథేన్ మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వస్తాయి. హైడ్రోజన్ మండితే నీటి ఆవిరి మాత్రమే వస్తుంది. భూమి వేడెక్కడానికి కార్బన్ డయాక్సైడ్ ముఖ్య కారణం కాబట్టి, మీథేన్‌లో కొంత భాగాన్ని హైడ్రోజన్‌తో భర్తీ చేయాలన్న ఆలోచన వచ్చింది. ఎండ బాగా కాసే వేళ సౌర విద్యుత్తు మిగిలిపోతుంది. ఆ విద్యుత్తుతో నీటిని విద్యుద్విశ్లేషణ చేస్తే హైడ్రోజన్ వస్తుంది. దానికి కొత్తగా గొట్టాలు వేయనక్కర లేకుండా, ఉన్న సహజవాయువు గొట్టాల్లోకే ఎక్కిస్తే ఖర్చు కలిసివస్తుందని ఆశ.

మన దేశంలో గెయిల్ సంస్థ 2022 జనవరిలో ఇండోర్‌లో ఈ ప్రయోగం మొదలుపెట్టింది. 2023 జనవరిలో సూరత్ దగ్గర కవాస్‌లో ఎన్‌టీపీసీ తన ఉద్యోగుల కాలనీకి వెళ్లే సహజవాయువులో హైడ్రోజన్ కలపడం ప్రారంభించింది. నీటిమీద తేలే సౌర ఫలకాల విద్యుత్తుతో తయారైన హైడ్రోజన్ అది. ఘనపరిమాణంలో 5 శాతంతో మొదలుపెట్టారు. క్రమంగా 20 శాతం దాకా పెంచవచ్చునన్నది లక్ష్యం. అదే నెలలో కేంద్ర ప్రభుత్వం జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌ను ఆమోదించింది. 2030 నాటికి ఏడాదికి 50 లక్షల టన్నుల హైడ్రోజన్ తయారు చేయాలన్నది దాని గురి.

ఇక ముంబై నుంచి నాగపూర్ మీదుగా ఒడిశాలోని ఝార్సుగూడ దాకా గెయిల్ చేపట్టిన సహజవాయువు గొట్టపు మార్గం ఛత్తీస్‌గఢ్ గుండానే సాగుతుంది. కాబట్టి ఇది భిలాయ్‌కు దూరపు ముచ్చటేమీ కాదు.

ఇరవై అంటే ఏడు

'20 శాతం హైడ్రోజన్ కలిపారు' అని వినగానే కార్బన్ డయాక్సైడ్ కూడా 20 శాతం తగ్గిందనుకుంటాం. కాగితం, కలం తీసుకోండి. నిజమేమిటో చూద్దాం.

ఒక ఘనమీటరు మీథేన్ మండితే సుమారు 8,550 కిలో కేలరీల ఉష్ణం వస్తుంది. ఒక ఘనమీటరు హైడ్రోజన్‌కు వచ్చేది సుమారు 2,570 మాత్రమే. బరువు లెక్కన చూస్తే హైడ్రోజనే గొప్ప. కిలో హైడ్రోజన్ ఇచ్చే ఉష్ణం రెండు కిలోల మీథేన్ కూడా ఇవ్వలేదు. కానీ అది మరీ తేలిక కాబట్టి గొట్టంలో అదే చోటు ఆక్రమించి, మీథేన్ మోసే శక్తిలో మూడో వంతు కూడా మోయలేదు.

ఇప్పుడు 80 శాతం మీథేన్, 20 శాతం హైడ్రోజన్ ఉన్న ఒక ఘనమీటరు మిశ్రమం తీసుకుందాం. మీథేన్ వాటా 6,840, హైడ్రోజన్ వాటా 514, మొత్తం 7,354 కిలో కేలరీలు. శుద్ధ మీథేన్‌తో పోలిస్తే ఇది 86 శాతమే. ఈ మొత్తంలో హైడ్రోజన్ నుంచి వచ్చింది ఎంత? 514ను 7,354తో భాగిస్తే 7 శాతం. అంటే అంతే ఉష్ణానికి కార్బన్ డయాక్సైడ్ తగ్గేది 7 శాతం మాత్రమే. 5 శాతం కలిపితే తగ్గేది ఒకటిన్నర శాతం. సగానికి సగం కలిపినా తగ్గేది 23 శాతమే!

దీని ప్రభావం మన జేబు మీద కూడా పడుతుంది. ఇంటి గోడకు బిగించిన మీటరు వాయువు ఘనపరిమాణాన్ని కొలుస్తుంది గాని ఉష్ణాన్ని కాదు. 20 శాతం మిశ్రమం వస్తే, అదే అన్నం వండడానికి 16 శాతం ఎక్కువ ఘనమీటర్లు కావాలి. పాత ధరే కొనసాగితే వినియోగదారుడు నష్టపోతాడు. కాబట్టి మిశ్రమం పంపేచోట కేలరీలను బట్టి బిల్లు వేయాలి. ఉక్కు కర్మాగారంలో వాయువు విలువను కేలరీలలోనే లెక్కిస్తారని ఇందాక చూశాం కదా.

పొయ్యి ఏమంటుంది?

ఉష్ణం 14 శాతం తగ్గితే పొయ్యి మంట కూడా అంతే తగ్గిపోతుందా? తగ్గదు. ఇక్కడ మీరు పాఠాల్లో చదివిన గ్రాహం నియమం గుర్తు చేసుకోండి. చిన్న రంధ్రం గుండా వాయువు వెళ్లే వేగం దాని సాంద్రత వర్గమూలానికి విలోమానుపాతంలో ఉంటుంది. మీథేన్ అణుభారం 16, హైడ్రోజన్‌ది 2. నిష్పత్తి 8, దాని వర్గమూలం 2.8. కాబట్టి ఒకే రంధ్రం గుండా హైడ్రోజన్ మీథేన్ కంటే 2.8 రెట్లు వేగంగా దూసుకొస్తుంది. పొయ్యి ముక్కులోంచి వచ్చే మిశ్రమం కూడా తేలికైనది కాబట్టి ఎక్కువగా వస్తుంది. అలా చూస్తే 20 శాతం మిశ్రమంతో పొయ్యి ఇచ్చే ఉష్ణం దాదాపు 95 శాతం ఉంటుంది. ఆ తేడాను గృహిణి గమనించకపోవచ్చు. సాంద్రతనూ కేలరీలనూ కలిపి చూసే ఈ కొలతకు వాబీ సూచిక అని పేరు.

మంట వేగం సంగతి వేరు. మీథేన్, గాలి కలిసిన మిశ్రమంలో మంట సెకనుకు దాదాపు 40 సెంటీమీటర్లు పాకుతుంది. హైడ్రోజన్‌లో అది సెకనుకు రెండు, మూడు మీటర్లు పాకగలదు. వాయువు బయటికి వచ్చే వేగం కంటే మంట వెనక్కి పాకే వేగం ఎక్కువైతే మంట బర్నర్ లోపలికి దూరుతుంది. బ్రిటన్‌లో బర్నర్లన్నీ మార్చవలసి రావడానికి ఇలాంటి తేడాలే కారణం. పాత వాయువుకు చేసిన బర్నర్ కొత్త వాయువుకు పనికిరాలేదు.

మరి ఎంత వరకు ఫరవాలేదు? ఇంగ్లాండులోని కీల్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో 2019 చివరి నుంచి 2021 దాకా 100 ఇళ్లకు, 30 విశ్వవిద్యాలయ భవనాలకు 20 శాతం దాకా హైడ్రోజన్ కలిపిన వాయువు ఇచ్చి చూశారు. పొయ్యిలు మార్చకుండానే పని జరిగింది. 20 శాతం అన్న అంకె పదేపదే వినిపించడానికి కారణం ఇదే.

గొట్టం ఏమంటుంది?

హైడ్రోజన్ ఉక్కుకు చేసే చెడు గురించి భిలాయ్‌కు ఎవరూ చెప్పనక్కర లేదు. కరిగిన ఉక్కులో హైడ్రోజన్ మిగిలిపోతే, చల్లారాక పట్టా లోపల కంటికి కనిపించని పగుళ్లు పుడతాయి. ఏళ్ల తరబడి రైళ్లు తిరిగాక ఒకనాడు ఆ పట్టా విరగవచ్చు. అందుకే పట్టాల కోసం పోసే ఉక్కును శూన్యంలో ఉంచి హైడ్రోజన్‌ను లాగేస్తారు. పదిలక్షల భాగాల్లో రెండు భాగాలకు మించి ఉండకూడదు. ప్రయాణికుల ప్రాణాలు ఆ రెండు భాగాల మీద ఆధారపడి ఉంటాయి.

గొట్టంలో హైడ్రోజన్ బయటినుంచి లోపలికి చొరబడుతుంది. హైడ్రోజన్ అణువు లోహపు తాజా ఉపరితలం తగిలినప్పుడు రెండు పరమాణువులుగా విడిపోతుంది. చాలా చిన్నదైన ఆ పరమాణువు ఉక్కులోకి దూరి, పగులు మొన దగ్గర చేరి, ఆ చోటును పెళుసుబారుస్తుంది. పీడనం పెరిగినకొద్దీ, ఉక్కు గట్టిదనం పెరిగినకొద్దీ ఈ బెడద ఎక్కువవుతుంది.

మరి సగానికి పైగా హైడ్రోజన్ మోస్తున్న భిలాయ్ గొట్టాలు అరవై ఏళ్లకు పైగా ఎలా పనిచేశాయి? జవాబు పీడనంలో ఉంది. కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టంలో పీడనం బయటి వాతావరణ పీడనం కంటే కొంచెమే ఎక్కువ. గట్టిగా చెప్పాలంటే ఒక మీటరు ఎత్తు నీటి స్తంభం కలిగించే పీడనానికి అటూఇటూగా ఉంటుంది. గొట్టాలు అంత లావుగా ఉండడానికి కారణం కూడా అదే. రాష్ట్రాలను దాటి వెళ్లే సహజవాయువు మార్గాల్లో మాత్రం పీడనం వాతావరణ పీడనానికి 60 నుంచి 90 రెట్లు ఉండవచ్చు. దాన్ని తట్టుకోవడానికి దృఢమైన ఉక్కు వాడతారు. సరిగ్గా అలాంటి ఉక్కునే హైడ్రోజన్ ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. వీధుల్లో వేసే పాలిథిలీన్ గొట్టాలకు ఈ పెళుసుదనం సమస్య లేదు. అందుకే ప్రయోగాలు చాలావరకు చివరి అంచెలో, తక్కువ పీడనం ఉన్న కాలనీలలో మొదలవుతున్నాయి.

కాబట్టి 'భిలాయ్‌లో ఫరవాలేదు కనుక ఎక్కడైనా ఫరవాలేదు' అనడం సరికాదు. ఏ గొట్టం ఏ వాయువు కోసం, ఏ పీడనం కోసం వేశారో చూసుకోవాలి.

ప్రాణాల లెక్క

ఈ మాట తేలిగ్గా తీసుకోదగింది కాదు. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో సహజవాయువు గొట్టం పేలి 20 మందికి పైగా ప్రజలు ప్రాణాలు కోల్పోయారు. ఆ గొట్టంలో హైడ్రోజన్ కలపలేదు. పొడి వాయువు కోసం ఉద్దేశించిన గొట్టంలో నీరు, ఇతర ద్రవాలు కలిసిన వాయువు వెళ్లడంతో లోపల తుప్పు పట్టింది. ఒక వాయువుకు వేసిన గొట్టంలో మరో గుణం ఉన్న వాయువును పంపేముందు ఎంత పరీక్ష అవసరమో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే 2014 జూన్‌లో, 12వ తేదీన భిలాయ్ కర్మాగారంలో నీటి పంపు విఫలమై, బ్లాస్ట్ కొలిమి వాయువును శుభ్రపరిచే చోట నీటి పీడనం పడిపోయింది. కార్బన్ మోనాక్సైడ్ బయటికి వచ్చి ఆరుగురు మరణించారు. 2018 అక్టోబర్ 9న అక్కడే కోక్ ఓవెన్ గ్యాస్ గొట్టం దగ్గర మరమ్మతు జరుగుతుండగా మంటలు లేచి పది మందికి పైగా బలయ్యారు.

నీటి నుంచి తీసిన హైడ్రోజన్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఉండదు. ఆ మేరకు అది నయం. అయితే నిప్పు విషయంలో దానికి ఓపిక తక్కువ. మీథేన్ గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉంటేనే అంటుకుంటుంది. హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంత ఉన్నా అంటుకుంటుంది. మీథేన్‌ను అంటించే నిప్పురవ్వలో పదో వంతు కూడా దానికి అవసరం లేదు. సన్నని సందులోంచి ఎంత వేగంగా జారుకుంటుందో ముందే చూశాం. తేలిక కాబట్టి ఆరుబయట త్వరగా పైకి పోయి చెదిరిపోతుంది. మూసిన గదిలో మాత్రం పైకప్పు కింద చేరుతుంది. కొద్ది శాతం కలిపినప్పుడు ఈ మార్పులు స్వల్పమే. శాతం పెరిగినకొద్దీ కారడాన్ని పసిగట్టే పరికరాలు, గాలి ఆడే కిటికీలు, శిక్షణ పొందిన మనుషులు మరింత అవసరమవుతారు.

ఎక్కడినుంచి? ఎక్కడికి?

చివరగా రెండు ప్రశ్నలు వేసుకోవాలి. మొదటిది, హైడ్రోజన్ ఎక్కడినుంచి వచ్చింది? కిలో హైడ్రోజన్‌ను విద్యుద్విశ్లేషణతో తయారు చేయడానికి 50 నుంచి 55 యూనిట్ల విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తు బొగ్గు నుంచి వస్తే యూనిట్‌కు దాదాపు ఒక కిలో చొప్పున 50 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. మరి ఆ కిలో హైడ్రోజన్‌ను సహజవాయువులో కలిపితే ఎంత ఆదా? అది 2.4 కిలోల మీథేన్‌కు సమానం. కిలో మీథేన్ మండితే 2.75 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. గుణిస్తే ఆదా అయ్యేది 6.6 కిలోలు. అంటే ఏడు కిలోలైనా మిగలని పనికి 50 కిలోలు తగలేసినట్టు! కాబట్టి విద్యుత్తు ఎండ నుంచో గాలి నుంచో వస్తేనే ఈ పథకానికి అర్థం ఉంటుంది. కోక్ ఓవెన్ గ్యాస్‌లోని హైడ్రోజన్ కూడా బొగ్గు బిడ్డే అని మరవకూడదు.

రెండో ప్రశ్న, అలా కష్టపడి తయారు చేసుకున్న హైడ్రోజన్‌ను ఎక్కడ వాడాలి? ఉక్కు పట్నానికి ఇది ముఖ్యమైన ప్రశ్న. ఇనుప ఖనిజం అంటే ఇనుము, ఆక్సిజన్‌ల సమ్మేళనం. ఇప్పుడు కోక్‌లోని కార్బన్ ఆ ఆక్సిజన్‌ను లాగేసి కార్బన్ డయాక్సైడ్‌గా పోతోంది. ఈ దారిలో టన్ను ఉక్కుకు రెండు టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. ఆక్సిజన్‌ను లాగే పని హైడ్రోజన్ కూడా చేయగలదు. అప్పుడు పోయేది నీటి ఆవిరి. రసాయన సమీకరణం ప్రకారం టన్ను ఇనుముకు 54 కిలోల హైడ్రోజన్ చాలు. నష్టాలు కలుపుకుని 70 కిలోలు పట్టినా, వేడికీ కరిగించడానికీ శుభ్రమైన విద్యుత్తు వాడితే, కిలో హైడ్రోజన్‌కు 25 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్ ఆదా అవుతుంది. గొట్టంలో కలిపితే వచ్చే 6.6 కిలోలతో పోల్చి చూడండి. దాదాపు నాలుగింతలు!

ఈ దిశలో అడుగులు పడుతున్నాయి. హైడ్రోజన్‌తో ఇనుము తయారు చేసే ప్రయోగాల కోసం ఉక్కు మంత్రిత్వ శాఖ 2024 అక్టోబర్‌లో మూడు ప్రాజెక్టులను ప్రకటించింది. వాటిలో ఒకదానిలో ఐఐటీ భిలాయ్ భాగస్వామి. రోజుకు 40 టన్నుల సామర్థ్యం గల చిన్న ప్రాజెక్టు అది.

అయితే గొట్టాల్లో హైడ్రోజన్ కలపడం వృథా అనుకోవాలా? అలా కాదు. కొనేవాడు ఉంటేనే తయారుచేసేవాడు ముందుకొస్తాడు. కొత్త పరిశ్రమకు తొలి రోజుల్లో కొద్దిపాటి హైడ్రోజన్‌ను కొనేందుకు గొట్టపు మార్గం పనికొస్తుంది. మీటర్లు, వాల్వులు, కారడాన్ని పట్టే పరికరాలు ఎలా ఉండాలో నేర్చుకోవడానికీ కవాస్ లాంటి ప్రయోగాలు ఉపయోగపడతాయి. కానీ అదే గమ్యమనుకుంటే పొరపాటు. శాతం ఘనపరిమాణంలో చెబుతున్నారా, శక్తిలో చెబుతున్నారా? హైడ్రోజన్ దేనినుంచి వచ్చింది? ఆ గొట్టం వేసింది ఏ పీడనానికి? ఇకపై హైడ్రోజన్ వార్త ఏది చదివినా ఈ మూడు ప్రశ్నలు వేసి చూడండి. 10 శాతం కలిపితే కార్బన్ డయాక్సైడ్ ఎంత తగ్గుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. లెక్క సరిగా వేస్తే జవాబు 3 శాతానికి కాస్త ఎక్కువ రావాలి.